చుక్కల దారి వెంట బాలత్రిపురసుందరి

బాలత్రిపురసుందరికి ఆ వస్తువు ఇంట్లోకి వచ్చిన రోజు నుంచే నచ్చలేదు. అరచేతిలో ఇమిడేంతే ఉంటుంది గానీ బరువు మాత్రం కల్వంలో పొత్రమంత. నెత్తిన కొమ్ములా ఒక పొట్టి మొన. ఫోన్ అందామంటే మాట్లాడదు, రేడియో అందామంటే పాడదు. ఆకాశంలో తిరిగే శాటిలైట్లతో మాత్రం సంబంధం పెట్టుకుంటుందట. ఇంట్లో మనుషులతో పలకకుండా ఎక్కడో పైవాళ్ళతో సంబంధాలు పెట్టుకునేది ఏదైనా సరే, ఆవిడ నమ్మదు.

తెచ్చింది కూతురు మహిత. ఉద్యోగంలో చేరిన ఏడాదికే ఆ పిల్లకి సైకిల్ పిచ్చి పట్టింది. ఊళ్ళో తిరిగితే తిరిగింది, ఇప్పుడు సైకిల్‌కే సంచులు కట్టుకుని, మట్టిదారుల్లో పడి, టెంటు వేసుకుని, రాత్రి ఎక్కడైతే అక్కడ పడుకుంటుందట. దానికి బైక్‌ప్యాకింగ్ అని పేరు. శుక్రవారం సెలవు కలిసొచ్చిందని అశోక్‌నగర్ నుంచి అనంతగిరి కొండల దాకా, మూడు రోజుల ప్రయాణం పెట్టుకుంది. ఫోన్‌కి సిగ్నల్ లేని చోట దారి చూపించడానికి ఈ జీపీఎస్. కొత్తది కూడా కాదు, అనుదీప్ అనే కుర్రాడు వాడి వదిలేసింది.

తోడు ఎవరెవరంటే తేజస్వి, అనుదీప్, అతని భార్య వందన. తేజస్వి కాలేజీ నుంచీ తెలిసిన పిల్ల. వందన అనుదీప్ భార్య అని మహిత చెప్పింది. చెప్పడానికేం? ఫొటోలో చూస్తే అందరి నెత్తినా హెల్మెట్లు, గడ్డం దాకా బిగించిన చొక్కాలు. ఎవరి మెడలో ఏముందో ఎవరికి తెలుసు?

ఆదివారం సాయంత్రం మహిత తల్లిని డాబా మీదికి లాక్కెళ్ళింది.

"నువ్వు కూడా నేర్చుకో అమ్మా. నేను తిరిగొచ్చాక ఏ దారిలో వెళ్ళానో, ఎక్కడ ఆగానో నువ్వే చూసుకోవచ్చు. అప్పుడైనా నీ అనుమానాలు తీరతాయి."

"ఇంట్లో కూర్చుని నేర్చుకోకూడదా? పక్కవాళ్ళు చూస్తున్నారు."

"ఇంట్లో దీనికి ఏమీ కనబడదు. ఆకాశం కావాలి. పట్టుకో. ఇదిగో, ఈ బాణం గుర్తు నువ్వు."

బాలత్రిపురసుందరి దాన్ని పట్టుకుని ఇటు తిరిగింది, అటు తిరిగింది. బాణం కదల్లేదు.

"నేను తిరిగితే ఇది తిరగదేం?"

"నడవాలి. నడిస్తేనే నువ్వెటు వెళ్తున్నావో దానికి తెలుస్తుంది. నిలబడి ఉన్నవాళ్ళ దిక్కు దానికి తెలీదు."

నీళ్ళ ట్యాంకు దాకా నడిచింది. బాణం ఆవిడతో పాటే నడిచింది. వెనకాల చిన్న చిన్న చుక్కలు పడ్డాయి, ముగ్గు పెట్టబోయే ముందు వేసుకునే చుక్కల్లా. అది నడిచొచ్చిన దారి అని మహిత చెప్పింది. ఒకేచోట ఆగిపోతే చుక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడిన దారంలా కనిపిస్తాయంది. పక్కనున్న బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంటే ఉన్నచోట జెండా పాతుతుందనీ, దానికి ఇష్టమొచ్చిన పేరు పెట్టుకోవచ్చనీ అంది.

"చుక్కలు పడకుండా ఆపాలంటే?"

"ఎందుకు ఆపడం?"

"ఎవరైనా ఆపాలనుకుంటే, అని."

"అమ్మా, ఒక పని చేద్దాం. నేను నీకు ఒక్క అబద్ధం చెప్పినట్టు తేలినా సరే, ఈ ప్రయాణం మానేస్తాను. తేలకపోతే నువ్వు నవ్వుతూ పంపించాలి. సరేనా?"

"మాట మీద నిలబడతావా?"

"నిలబడతాను."

ఆ క్షణం నుంచి బాలత్రిపురసుందరి ఆ ఒక్క అబద్ధం కోసం వెతకడం మొదలుపెట్టింది.

అసలు భయం ఇంకొకటి ఉంది. శుక్రవారం పడమటి శూల. ఆ దిక్కుగా బయల్దేరకూడదు. అనంతగిరేమో సరిగ్గా పడమర. సోమవారం భోజనాల దగ్గర ఆ మాట తీస్తే భర్త వీరరాఘవరావు ముద్ద నోట్లో పెట్టుకుని మరీ నవ్వాడు. ఆయన రిటైరైన దగ్గర్నుంచి పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళి పేపర్లన్నీ చదివి భోజనానికి వస్తాడు. చదివినవాడు కనక దేనికీ భయపడడు.

"శూల సైకిల్ కన్నా జోరుగా వస్తుందా ఏమిటే?"

"నవ్వండి. మా అమ్మావాళ్ళు ఇలాంటప్పుడు ప్రస్థానం పెట్టేవాళ్ళు. ముందే మంచి రోజు చూసి, ప్రయాణమయ్యే మనిషి వస్తువు ఒకటి ఆ దిక్కునున్న ఇంట్లో పెట్టి వస్తే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. తరవాత ఎప్పుడు బయల్దేరినా దోషం ఉండదు. వెళ్ళేటప్పుడు ఆ వస్తువు తీసుకుపోవాలి."

"మనకి పడమరన ఎవరున్నారు? హుస్సేన్‌సాగర్లో బుద్ధుడున్నాడు. ఆయన చేతికిచ్చి రానా?"

మహిత కూడా నవ్వింది. ఈ కొంపలో భయపడే పని మొత్తం తన ఒక్కదాని నెత్తిన పెట్టి తండ్రీకూతుళ్ళు హాయిగా ఉన్నారని ఆవిడ మజ్జిగన్నం కూడా తినకుండా లేచిపోయింది.

మంగళవారం రాత్రి మహిత ఆ జీపీఎస్‌లో కొత్త సెల్లు వేసి, సైకిల్ హ్యాండిల్‌కి కట్టే చిన్న సంచీలో పెట్టి, సంచీని తలుపు పక్కన కొక్కేనికి తగిలించింది. సెల్లు ఎన్నాళ్ళు వస్తాయో చూస్తున్నాను, ఎవరూ ఆపకండని చెప్పింది.

బుధవారం పొద్దున బాలత్రిపురసుందరి కూరలకని చిక్కడపల్లి మార్కెట్‌కి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కూతురు ఆఫీసుకీ భర్త లైబ్రరీకీ వెళ్ళిపోయారు. చూస్తే కొక్కెం ఖాళీగా ఉంది.

ఆఫీసుకి సైకిల్ సంచీ ఎందుకు? మెట్రోలో వెళ్ళే పిల్లకి దారి చూపించే యంత్రం ఎందుకు?

మధ్యాహ్నం భోజనాలయ్యాక కునుకు తీసి లేచేసరికి సంచీ మళ్ళీ కొక్కేనికి వేలాడుతోంది. అంటే తను పడుకున్నప్పుడు పిల్లిలా వచ్చి, సంచీ పెట్టి, మళ్ళీ వెళ్ళిపోయిందన్నమాట.

సాయంత్రం మహిత రాగానే కాఫీ ఇస్తూ, మాట జారినట్టు అడిగింది. "పొద్దున సంచీ తీసుకెళ్ళావా?"

"ఏ సంచీ? సైకిల్‌దా? లేదే."

"మధ్యలో ఇంటికి వచ్చావా?"

"మధ్యలోనా? ఇవాళ తిండి తినడానికే తీరికలేదమ్మా."

వీరరాఘవరావు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో ఇంత జరుగుతుంటే పేపరు దించడు మనిషి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి శాటిలైట్లు లేవు కాబోలు అనుకుంది బాలత్రిపురసుందరి.

గురువారం ఇద్దరూ వెళ్ళాక తలుపు గడియ పెట్టి సంచీ విప్పింది. జీపీఎస్ ఇంకా వెలుగుతూనే ఉంది. పదో తరగతి దాకా చదువుకున్న ఇంగ్లీషుతో కూడబలుక్కుంటూ, తప్పు బటన్ నొక్కి ఒకసారి ఎక్కడో సముద్రంలో తేలి, మళ్ళీ వెనక్కి వచ్చి, చివరికి నిన్నటి తేదీ పట్టుకుంది. నొక్కింది. తెర మీద చుక్కల దారి పరుచుకుంది.

ఉంది. ఇంటి దగ్గర మొదలై బయటికి వెళ్ళి, మూడు చోట్ల చిక్కుపడి, వేరే దారిన ఇంటికి వచ్చింది. ఆపడం మరిచిపోయి ఉంటుంది. దొంగతనం చేసినవాళ్ళు ఏదో ఒకటి మరిచిపోతారు.

అబద్ధం దొరికింది. ప్రయాణం ఆగిపోతుంది. దానికి సంతోషించాలని ఆవిడకి ముందు తోచింది గానీ, సంతోషం మాత్రం రాలేదు. అబద్ధం దొరికాక దాని వెనక ఏముందో తెలియకుండా కూర్చోగలదా? చీర మార్చుకుని, జీపీఎస్‌ని చేతిరుమాలులో చుట్టి పట్టుకుని, తాళం వేసి వీధిలోకి వచ్చింది.

మొదట ఎటు వెళ్ళాలో తెలియలేదు. బాణం కుడివైపు చూస్తోంది, చుక్కలు ఎడమవైపు ఉన్నాయి. నిలబడి ఉన్నవాళ్ళ దిక్కు దానికి తెలియదన్నమాట గుర్తొచ్చి పది అడుగులు వేసింది. బాణం కిందకి దిగింది. అంటే తప్పు. వెనక్కి తిరిగి నడిచింది. ఈసారి బాణం చుక్కల మీదికెక్కింది. వీధి మలుపు వచ్చినప్పుడల్లా మహిత తనకన్నా ముందు ఈ మలుపు తిరిగిందని అనిపించి, ఆ పిల్ల చున్నీ కొస కనబడుతుందేమోనని చూసింది.

మొదటి చిక్కు లైబ్రరీ దగ్గర. గేటు ముందు పోటీ పరీక్షల కుర్రాళ్ళు పుస్తకాలు చంకలో పెట్టుకుని టీ తాగుతున్నారు. ఒక్కొక్కడి ముఖమూ పరీక్షగా చూసింది. ఎంత గుండె ధైర్యం! కన్నతండ్రి లోపల కూర్చుని పేపరు చదువుకుంటుంటే, గేటు బయట నిలబడి కబుర్లా? ఈ మనిషి ఒక్కసారి కిటికీలోంచి తల తిప్పి చూసి ఉంటే సరిపోయేది. తను భర్త కంటపడకుండా కొంగు తలమీదికి లాక్కుని గబగబా దాటిపోయింది.

చుక్కలు నారాయణగూడ వైపు సాగాయి. ఫ్లైఓవర్ కింద బస్సులూ ఆటోలూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. అడ్డంగా వచ్చిన బైకువాడు, "ఆంటీ, ఫోన్ల చూసుకుంట నడవకుండ్రి," అన్నాడు. ఫోన్ కాదు నాయనా అని చెప్పడానికి తీరిక లేదు. మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి చుక్కలు మళ్ళీ చిక్కుపడ్డాయి. తలెత్తి చూస్తే ఎదురుగా పూలకొట్టు. వరసగా వేలాడదీసిన దండలు. కింద బుట్టల్లో తమలపాకులు, అరటిపళ్ళు, కొబ్బరికాయలు. పెళ్ళిదండలకు ఆర్డర్లు తీసుకుంటారని అట్టముక్క మీద రాసి ఉంది.

బాలత్రిపురసుందరి ఆ అట్టముక్క రెండుసార్లు చదివింది. కొట్లో కూర్చుని పూలు కడుతున్న ఆవిడని పక్కకొట్టువాళ్ళు కురుమమ్మా అని పిలుస్తున్నారు. తనూ అలాగే పిలిచింది.

"కురుమమ్మా, నిన్న పొద్దున ఇక్కడికి ఒక అమ్మాయి వచ్చిందా? తెల్లగా, సన్నగా ఉంటుంది."

"ఏంది అక్క, తెల్లగ సన్నగ ఉన్నోళ్లు రోజుకెంతమంది వస్తరు?" అంది కురుమమ్మ, దారం పళ్ళతో తెంపుతూ.

"అబ్బాయితో వచ్చిందేమో?"

"జంటలైతే మస్తు వస్తరు. గుట్టు సప్పుడు గాకుండ రెండు దండలు కట్టించుకుంటరు, పోతరు. మనకెందుకు అడుగుడు." ఆవిడ కళ్ళు రుమాలులోంచి తొంగిచూస్తున్న జీపీఎస్ మీద పడ్డాయి. గొంతు మారింది. "అదేంది నీ చేతుల? మున్సిపాలిటోళ్లా మీరు?"

"అబ్బే, కాదు."

"మరి గా మిషన్ పట్టుకొని నా కొట్టు చుట్టూ ఏం కొలుస్తున్నవ్? పోయినేడు గిట్లనే ఒకడొచ్చి కొలిచిండు, వారం తిరగకముందే ముందరి రేకులు పీకేసిండ్రు."

"మా అమ్మాయి కోసం వెతుకుతున్నానమ్మా."

"అమ్మాయిని మిషన్ల ఎతుకుతరా ఎవరన్నా?" కురుమమ్మ పక్కకొట్టు వైపు తిరిగింది. "ఓ నాగేందరన్నా, జర ఇటు రా. ఈ అక్క ఏందో కొలుస్తున్నది."

నాగేందరన్న వచ్చేలోగా బాలత్రిపురసుందరి అక్కడ లేదు. జీవితంలో మొదటిసారి తననెవరో అనుమానించారు. ఆ అవమానం ఫర్లాంగు దూరం వెంట వచ్చింది. ఆ తరవాత రెండు దండలన్న మాట దాన్ని మింగేసింది.

అన్నీ అర్థమైపోయాయి. ప్రయాణం లేదు, అనంతగిరి లేదు. వందన అనే మనిషి కూడా ఉందో లేదో. రేపు పొద్దున సైకిలెక్కిన పిల్ల దండ వేసుకుని తిరిగొస్తుంది. అది కూడా తిరిగొస్తేనే. చుక్కలు దోమలగూడ వైపు మళ్ళాయి. మూడో చిక్కు అక్కడే ఉంది. అన్నిటికన్నా పెద్దది. చాలాసేపు ఆగారన్నమాట. ఎవరింట్లో?

దోమలగూడ సందుల్లో యంత్రం కాసేపు మోసం చేసింది. మేడల మధ్య ఆకాశం సన్నబడేసరికి బాణం ఒక ప్రహరీగోడ మీదికెక్కి నిలుచుంది. ఆవిడ అలాగే గోడదాకా వెళ్ళి, గోడకి తల ఆనించుకున్నంత పని చేసి, వెనక్కి వచ్చింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. రెండో సందు తిరిగాక బాణం చుక్కల మీదికి దిగి, ఒక పాత రెండంతస్తుల ఇంటి ముందు ఆగింది. గేటు లోపల ఒక మగ సైకిల్ ఉంది.

ఏమనాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. 'బాబూ, నీకూ ఒక తల్లి ఉంటుంది' అని మొదలుపెట్టాలి. గంట నొక్కింది. లోపల చెప్పుల చప్పుడు. తలుపు తెరుచుకుంది.

"రామ్మా సుందరమ్మా," అన్నాడు తలుపు తీసిన పెద్దమనిషి. అన్నాక, లోపలికి పిలిచినందుకు నాలుక కరుచుకున్నాడు.

సూర్యనారాయణమూర్తి. వీరరాఘవరావుతో పాతికేళ్ళు ఒకే ఆఫీసులో పనిచేసిన మనిషి. పెళ్ళిళ్ళలో కనిపిస్తూ ఉంటాడు. ఈ మధ్యనే కాచిగూడ నుంచి ఇల్లు మారారని విన్నది గానీ, ఎక్కడికని ఆవిడ అడగలేదు.

"అన్నయ్యగారూ, మీరా? మా మహిత నిన్న మీ ఇంటికి ఎందుకొచ్చింది?"

"మహితా? మహిత రాలేదే."

"మీరు కూడా అబద్ధమాడకండి. ఇందులో పడింది."

ఆయన జీపీఎస్ వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. ఆవిడ మాత్రం ఆయన భుజం మీదుగా లోపలికి చూస్తోంది. దేవుడి గూటి కింద పీట. పీట మీద మడత పెట్టిన పచ్చ తువ్వాలు, దాని అంచున పసుపు బొట్టు. పక్కన రెండు అరటిపళ్ళు, తమలపాకులు. ఆ తువ్వాలు మహితది. అంచు చిరిగితే తనే కుట్టింది.

"లోపలికి రామ్మా," అన్నాడు మూర్తిగారు మెల్లగా. "మీ ఆయనే చెప్పద్దన్నాడు. ఇక దాచి లాభం లేదు."

ఆవిడకి మంచినీళ్ళిచ్చి, ఆయన చెప్పుకొచ్చాడు.

"నిన్న పొద్దున లైబ్రరీ నుంచి ఫోన్ చేశాడు, నక్షత్రం బావుందిరా, మాకు పడమరనున్నది మీ ఇల్లే, వస్తున్నా అని. గుడ్డసంచీలో ఆ చిన్న సంచీ దాచుకుని వచ్చాడు. సంచీ మొత్తం ఇక్కడే పెడతానన్నాడు. సాయంత్రం పిల్ల వెతుక్కుంటుందిరా, అందులోది ఒక్క వస్తువు చాలు అని నేనే చెప్పాను. తువ్వాలు తీసిపెట్టి, సంచీ తీసుకెళ్ళాడు."

"ఆయనా? ప్రస్థానమా? నేనంటే నవ్వారు. బుద్ధుడి చేతికిచ్చి రానా అన్నారు."

"ఆ సంగతీ చెప్పాడు." మూర్తిగారు కుర్చీలో సర్దుకున్నాడు. "వారం నుంచి నిద్ర లేదట వాడికి. పిల్ల టెంటులో పడుకుంటే పాము వచ్చినట్టు కల. మరి మీ ఆవిడతో చెప్పచ్చు కదరా అన్నాను. ఏమన్నాడో తెలుసా? సుందరి ఎలాగూ భయపడుతుంది, నేనూ భయపడ్డానని తెలిస్తే ఇద్దరం కలిసి పిల్లని గడప దాటనివ్వం, అందుకని ఒకరు నవ్వాలిరా అన్నాడు."

బాలత్రిపురసుందరికి నిన్న సాయంత్రం ముఖానికి అడ్డం పెట్టుకున్న పేపరు గుర్తొచ్చింది. ఆ పేపరు చాలాసేపు ఒకే పేజీ దగ్గర ఉంది. సోమవారం ముద్ద నోట్లో పెట్టుకుని నవ్విన మనిషికి ఆ ముద్ద మింగడానికి ఎంతసేపు పట్టిందో కూడా ఇప్పుడు గుర్తొచ్చింది.

"మరి ఆ మగ సైకిల్ ఎవరిది?" అంది చివరికి. ఉన్న అనుమానం ఒకటి ఉంచుకోవడం ఎందుకని.

"నాదేనమ్మా. డాక్టరు తొక్కమన్నాడు."

వచ్చేటప్పుడు గేటు దగ్గర ఆగి, పక్కనున్న బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంది. తెర మీద జెండా లేచింది. పేరు అడిగింది. ఒక్కొక్క అక్షరం వెతుక్కుని, ఇంగ్లీషు అక్షరాల్లోనే 'నాన్న' అని పెట్టింది.

ఆ సాయంత్రం భర్తని ఏమీ అడగలేదు. రోజూ తగ్గించి వేసే ఉప్పు మాత్రం మజ్జిగలో ఆయనకి ఇష్టమైనట్టు వేసింది. ఆయన తాగి, అనుమానంగా గ్లాసులోకి చూశాడు.

శుక్రవారం తెల్లవారుతుండగానే గేటు ముందు నాలుగు సైకిళ్ళు చేరాయి. మూటలు కట్టిన గాడిదల్లా ఉన్నాయి నాలుగూ. వందన అనే మనిషి నిజంగానే ఉంది. నమస్కారం ఆంటీ అంటూ వంగినప్పుడు చొక్కా కాలరులోంచి నల్లపూసలు తొంగిచూశాయి. అయినా నల్లపూసలు ఎవరైనా వేసుకోవచ్చు. బాలత్రిపురసుందరి ఆ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టింది.

మహిత జీపీఎస్‌ని హ్యాండిల్‌కి బిగిస్తూ ఆగిపోయింది. "ఇందులో జెండా ఎవరు పాతారు? దోమలగూడలో, నాన్న అని."

వీరరాఘవరావుకి పొలమారింది.

"నేనే పాతాను," అంది బాలత్రిపురసుందరి. "ముందు అటు వెళ్ళండి. మూర్తి మావయ్యగారింట్లో నీ పచ్చ తువ్వాలుంది, అది తీసుకుని అప్పుడు అనంతగిరి వెళ్ళండి."

"నా తువ్వాలు అక్కడికెలా వెళ్ళింది? నిన్నట్నుంచి వెతుకుతున్నాను." మహిత తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరూ నా దగ్గర ఏదో దాస్తున్నారు."

"మాకు నీలాగ ఒట్లు లేవు కదా. నీ అబద్ధం ఒక్కటీ దొరకలేదు, వెళ్ళిరా."

మహిత ఇంకేదో అడగబోయింది గానీ, తేజస్వి ఎండెక్కుతుందని బెల్లు కొట్టింది. నలుగురూ కదిలారు. వీధి మలుపులో మహిత కాలు కింద పెట్టి వెనక్కి చూసింది. మాట ప్రకారం తల్లి నవ్వుతోందా లేదా అని చూస్తోంది.

బాలత్రిపురసుందరి భర్త వైపు చూసింది. రోజూ నవ్వే మనిషి గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. గడ్డం అదురుతోంది. ఇవాళ ఆయన వల్ల కాదు.

సరే, ఒకరు నవ్వాలి కదా. ఆవిడ చెయ్యి పైకెత్తి, ముఖమంతా వెడల్పు చేసుకుని నవ్వింది. మహిత మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉంది. తిరిగాక కూడా, చుక్కలు ఎటు పడుతున్నాయో తనకి తెలుసు కనక, ఇంకాసేపు అలాగే నిలబడింది.